సజాతి పదాలను కలపడం: బీజీయ సమాసాల సూక్ష్మీకరణ

ఈ భాగం చదవడానికి మీకు ముందుగా రావలసినవి రెండే. ధన, రుణ సంఖ్యల కూడికలు తీసివేతలు ఒకటి. బ్రాకెట్ బయట ఉన్న సంఖ్యతో లోపలివాటన్నిటినీ గుణించడం రెండోది. బడి వదిలి పదేళ్లయినా ఈ రెండూ కాస్త గుర్తుంటే చాలు. మిగిలింది ఇక్కడే నేర్చుకుంటాం. చరరాశులకు ఈ భాగంలో తెలుగు అక్షరాలే వాడుతున్నాం. పరీక్షలో ఎక్స్, వై అని కనిపించినా చేసే పని ఇదే.

2.1 మెస్ ఖాతాలో ఒక లెక్క

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టుపక్కల, అశోక్‌నగర్ సందుల్లో, అటు అంబర్‌పేట్ వరకు గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుకునేవారు ఎందరో మీకు తెలిసే ఉంటుంది. మీలో కొందరు వారే కావచ్చు. ఒక గదిలో ముగ్గురు ఉంటున్నారనుకుందాం. దగ్గరి మెస్‌లో నెలవారీ ఖాతా పెట్టుకున్నారు. రోజూ ఏమేం తిన్నారో పుస్తకంలో రాసుకుంటారు గాని, ధరలు రాయరు. ధర నెలాఖరున మెస్ యజమాని చెప్పినప్పుడే తెలుస్తుంది. ఈలోగా పెరగనూ వచ్చు.

ఒక టిఫిన్ ధర ట రూపాయలు, ఒక భోజనం ధర భ రూపాయలు, ఒక చాయ్ ధర చ రూపాయలు అనుకుందాం. మొదటి రోజు రెండు టిఫిన్లు, మూడు భోజనాలు, నాలుగు చాయ్‌లు. కాబట్టి ఆ రోజు పద్దు:

2ట + 3భ + 4చ

రెండో రోజు మూడు టిఫిన్లు, రెండు భోజనాలు, రెండు చాయ్‌లు, పార్శిల్ డబ్బాలకు 20 రూపాయలు:

3ట + 2భ + 2చ + 20

మూడో రోజు ఒక టిఫిన్, మూడు భోజనాలు, అయిదు చాయ్‌లు, డబ్బాకు 10 రూపాయలు. నిన్న రాసిన భోజనాల్లో ఒకటి నిజానికి తినలేదని గుర్తొచ్చి దాన్ని తీసేయించారు:

ట + 3భ + 5చ − భ + 10

మూడు రోజుల మొత్తం కావాలంటే ఈ మూడింటినీ కూడాలి. అక్షరాలున్న పదాలు పది, వట్టి సంఖ్యలు రెండు, వెరసి పన్నెండు పదాలు. కూడికలో వరస మార్చినా మొత్తం మారదు కాబట్టి ట ఉన్నవాటిని ఒకచోట, భ ఉన్నవాటిని ఒకచోట, చ ఉన్నవాటిని ఒకచోట చేర్చవచ్చు:

(2ట + 3ట + ట) + (3భ + 2భ + 3భ − భ) + (4చ + 2చ + 5చ) + (20 + 10)
= 6ట + 7భ + 11చ + 30

పన్నెండు పదాలు నాలుగయ్యాయి. నెలాఖరున టిఫిన్ 40, భోజనం 90, చాయ్ 15 అని తేలితే 240 + 630 + 165 + 30, అంటే 1065 రూపాయలు. రోజువారీగా విడివిడిగా లెక్కవేస్తే 410, 350, 305 వస్తాయి. వాటి మొత్తమూ 1065 రూపాయలే. భోజనం ధర పది రూపాయలు పెరిగిందనుకోండి. మళ్లీ మొదటినుంచీ లెక్కించనక్కర్లేదు. భ పక్కన 7 ఉంది కాబట్టి బిల్లు 70 రూపాయలు పెరుగుతుంది. విలువలు తెలియకముందే చేయగలిగిన పనంతా చేసిపెట్టుకోవడాన్నే సూక్ష్మీకరణ అంటాం.

2.2 అక్షరం వస్తువు కాదు, సంఖ్య

ఇక్కడ కొంచెం ఆగాలి. పైన 7భ అని రాశాం. దాన్ని చాలామంది ‘ఏడు భోజనాలు’ అని చదువుతారు. అది సరికాదు. భ అంటే భోజనం కాదు, భోజనం ధర. అంటే ఒక సంఖ్య. 7భ అంటే ఆ సంఖ్యకు ఏడు రెట్లు. ఇది మరీ చాదస్తంగా అనిపించవచ్చు. కాని బీజగణితంలో మొదట్లోనే పడి, డిగ్రీ దాకా వెంటాడే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి.

తరగతి గదుల్లో తరచుగా వినిపించే వివరణ ఒకటుంది: ‘మామిడిపండ్లను మామిడిపండ్లతోనే కలపాలి, అరటిపండ్లతో కలపకూడదు.’ చెప్పడానికి తేలిక, గుర్తుంటుంది కూడా. కాని ఈ వివరణను మేం సిఫారసు చేయం. మూడు మామిడిపండ్లు, రెండు అరటిపండ్లు బుట్టలో వేస్తే అయిదు పండ్లు కావా? ఈ మాట అడిగిన విద్యార్థిది తప్పు కాదు, పోలికదే తప్పు. పైగా మ అంటే మామిడిపండు అయితే మ² అంటే ఏమిటి? మామిడిపండును మామిడిపండుతో గుణించడమా?

అక్షరాన్ని వస్తువుగా చదవడం ఎంత దూరం తీసుకుపోతుందో ఈ చిన్న ప్రశ్నతో చూడండి. ఒక మొత్తంలో రూపాయల సంఖ్య ర, అదే మొత్తంలో పైసల సంఖ్య ప. ఈ రెంటికీ సంబంధం ఏమిటి? ‘ఒక రూపాయికి వంద పైసలు’ అన్న వాక్యాన్ని మాట వెంట మాటగా దింపి, ర = 100ప అని రాసేవారు చాలామంది. విలువ వేసి చూడండి. అయిదు రూపాయలైతే ర = 5, ప = 500. 5 = 100 × 500 అవుతుందా? కాదు. సరైన సంబంధం ప = 100ర. ర అనే అక్షరాన్ని ‘రూపాయి’ అని కాక ‘రూపాయల సంఖ్య’ అని చదివితే ఈ పొరపాటు రాదు. రూ., కి.మీ. వంటి సంక్షిప్తాలు మనకు నిత్యం కనిపించడం వల్ల ఈ గందరగోళం ఇంకా పెరుగుతుంది. 5 కి.మీ. అన్నప్పుడు ‘కి.మీ.’ ప్రమాణం, సంఖ్య కాదు. 5క అన్నప్పుడు క సంఖ్య. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అంతే.

2.3 ఎందుకు కలపవచ్చు, ఎందుకు కలపకూడదు

అసలు కారణం విభాగ న్యాయంలో ఉంది. 3భ, 2భ రెండింటిలోనూ భ ఉమ్మడి కారణాంకం. దాన్ని బయటకు తీస్తే:

3భ + 2భ = (3 + 2)భ = 5భ

భ విలువ ఏదైనా ఇది నిజం. ఒక సంఖ్యకు మూడు రెట్లు, అదే సంఖ్యకు రెండు రెట్లు కలిస్తే అయిదు రెట్లు. 3ట + 2భ లో బయటకు తీయడానికి రెంటికీ ఉమ్మడి అక్షరం లేదు. కాబట్టి అది అలాగే ఉంటుంది. ‘ఇంకా లెక్క పూర్తి కాలేదేమో’ అన్న అనుమానంతో దాన్ని 5టభ అని రాయడం అతి సాధారణమైన తప్పు. అంకగణితంలో జవాబు ఎప్పుడూ ఒకే సంఖ్యగా వస్తుంది గనక, మధ్యలో ప్లస్ గుర్తు మిగిలిపోతే మనసు ఒప్పుకోదు. బీజగణితంలో 3ట + 2భ అన్నదే జవాబు. గుర్తు మిగలడం లోపం కాదు.

అనుమానం తీరాలంటే విలువలు ప్రతిక్షేపించండి. ట = 40, భ = 90 అయితే 3ట + 2భ = 120 + 180 = 300. 5టభ అంటే 5 × 40 × 90 = 18,000. మూడు వందల బిల్లు పద్దెనిమిది వేలయింది.

ఇలా విలువలు వేసి సరిచూసుకునే అలవాటు అన్ని లెక్కలకూ మంచిది. అయితే ఏ విలువలు వేస్తున్నామన్నది చూసుకోవాలి. ట = 1, భ = 1 అని వేస్తే 3ట + 2భ = 5, 5టభ కూడా 5. తప్పు పట్టుబడలేదు! అలాగే య = 2 అయితే 2య, య² రెండూ 4 అవుతాయి. కాబట్టి సరిచూడ్డానికి 0, 1, 2 లు వాడకండి. వేర్వేరు అక్షరాలకు వేర్వేరు విలువలు తీసుకోండి. ఒక్క విలువకు రెండు వైపులూ వేరైతే మీరు చేసింది తప్పని తేలిపోయినట్టే. ఒక్క విలువకు సమానమైనంత మాత్రాన ఒప్పని తేలదు.

2.4 పదం, గుణకం, సజాతి పదాలు

ఇప్పుడు పేర్లు పెట్టుకుందాం. ప్లస్, మైనస్ గుర్తుల దగ్గర విడగొడితే వచ్చే ముక్కలు పదాలు. పదానికి ముందున్న గుర్తు ఆ పదానిదే. 4య − 7క + 9 లో పదాలు 4య, −7క, 9. పదాల వరస మార్చేటప్పుడు గుర్తు కూడా దాంతోపాటే కదలాలి. అక్షర భాగానికి ముందున్న సంఖ్య గుణకం. ఇక్కడ య గుణకం 4, క గుణకం −7. అక్షరం లేని 9 స్థిరపదం.

గుణకం రాయకపోతే అది 1 అని అర్థం, సున్నా అని కాదు. −భ గుణకం −1. అందుకే 5భ − భ = 4భ. ‘5భ లోంచి భ తీసేస్తే 5 మిగులుతుంది’ అని రాసేవారు అక్షరాన్ని చెరిపేస్తున్నారే తప్ప సంఖ్యను తీసివేయడం లేదు.

ఒకే అక్షరాలు, ఆ అక్షరాలకు ఒకే ఘాతాంకాలు ఉన్న పదాలు సజాతి పదాలు. తక్కినవి విజాతి పదాలు. గుణకాలు ఎలా ఉన్నా ఫరవాలేదు. అక్షరాల వరస కూడా లెక్కలోకి రాదు. గుణకారంలో వరస మారితే విలువ మారదు గనక యక, కయ ఒకటే. కాని య²క, యక² సజాతి పదాలు కావు. మొదటిది య × య × క, రెండోది య × క × క.

య, య² ఎందుకు కలవవో బొమ్మ గీసి చూస్తే బాగా అర్థమవుతుంది. కాగితం మీద భుజం య ఉన్న చతురస్రం గీయండి. దాని వైశాల్యం య². పక్కన పొడవు య, వెడల్పు 1 ఉన్న పట్టీలు నాలుగు గీయండి. ఒక్కో పట్టీ వైశాల్యం య, నాలుగింటిదీ 4య. మొత్తం వైశాల్యం య² + 4య. ఇందులో చతురస్రం ఒకటి, పట్టీలు నాలుగు. వీటిని అయిదు చతురస్రాలనలేం, అయిదు పట్టీలూ అనలేం. య = 3 అయితే మొత్తం 9 + 12 = 21. 5య² అయితే 45 అయ్యేది, 5య అయితే 15 అయ్యేది.

రెండు అక్షరాలున్న ఉదాహరణ ఒకటి:

4య²క − 3యక² + 2కయ² − యక² + 5

ఇందులో 4య²క, 2కయ² ఒక జాతి. −3యక², −యక² ఇంకో జాతి. 5 ఒంటరి.

= (4 + 2)య²క + (−3 − 1)యక² + 5
= 6య²క − 4యక² + 5

య = 3, క = 2 వేస్తే ఇచ్చిన సమాసం 72 − 36 + 36 − 12 + 5 = 65. జవాబు 108 − 48 + 5 = 65.

2.5 ‘జాతి’ అన్న మాట ఎక్కడిది

సజాతి, విజాతి అన్న పారిభాషిక పదాలు ఇంగ్లిషు పాఠ్యపుస్తకాల తెలుగు సేత కోసం కొత్తగా పుట్టించినవని అనుకోవడం సహజం. నారాయణగూడకు పక్కనే హిమాయత్‌నగర్‌లో ఉన్న తెలుగు అకాడమి 1968లో ఏర్పడిన నాటినుంచి ఉన్నత విద్యకు తెలుగు పుస్తకాలు, పదకోశాలు తయారుచేసింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలయ్యాక దూరవిద్య పాఠాలకూ అలాంటి మాటలే కావలసివచ్చాయి. కాని ‘జాతి’ అన్న భావన వీటన్నిటికంటే చాలా పాతది.

బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే ఈ నియమం చెప్పాడు: అవ్యక్త రాశులు, వాటి వర్గాలు, ఘనాలు ఒకే రకమైతే కూడవచ్చు, తీసివేయవచ్చు, వేరు రకాలైతే విడిగా ఉంచాలి. భాస్కరాచార్యుడు 1150 నాటి బీజగణితంలో సమాన జాతి, విభిన్న జాతి అనే మాటలతోనే దీన్ని వివరించాడు. మనం ఈనాడు వాడే సజాతి, విజాతి ఆ మాటలకు దగ్గరి చుట్టాలు.

ఆయన రాసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. తెలియని మొదటి రాశి పేరు యావత్తావత్, అంటే ‘ఎంతో అంత’. రెండోదానినుంచి రంగుల పేర్లు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. రాసేటప్పుడు మొదటి అక్షరాలు చాలు: యా, కా, నీ, పీ, లో. తెలిసిన సంఖ్యకు రూపం, అంటే రూ. రుణ సంఖ్య అయితే దాని నెత్తిన ఒక చుక్క. ఆ పుస్తకంలోని ఒక ఉదాహరణ సారాంశం ఇది: ఒక అవ్యక్తానికి ఒక రూపం చేర్చినది, రెండు అవ్యక్తాల్లోంచి ఎనిమిది రూపాలు తీసినది, ఈ రెంటినీ కూడితే ఎంత? మన గుర్తుల్లో:

(య + 1) + (2య − 8) = 3య − 7

భాస్కరుడి పద్ధతిలో జవాబు యా 3 రూ 7, ఏడు నెత్తిన చుక్క. ఒక విషయం గమనించండి. ఆ రాతలో పదాలను పక్కపక్కన పెడితే కూడినట్టు. మన రాతలో అక్షరాలను పక్కపక్కన పెడితే గుణించినట్టు: టభ అంటే ట × భ. 3ట + 2భ ని 5టభ అని రాసేవారి మనసులో ‘పక్కన పెట్టడమంటే కలపడమే’ అన్న ఊహ ఉండి ఉంటుంది. అది వింత ఊహేమీ కాదు, మనం వాడుతున్న రాతకు సరిపడదు, అంతే.

తెలుగులో గణిత రచన కూడా పాతదే. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగు మాధ్యమంలో లెక్కలు చదవడం నిన్నమొన్నటి ప్రయోగమని ఎవరైనా అంటే ఈ పేరు చెప్పవచ్చు.

2.6 బ్రాకెట్ ముందు మైనస్

మెస్ ఖాతాకే తిరిగి వద్దాం. ముగ్గురిలో ఒకరు ఊరికి వెళుతూ తన వాటా కట్టేస్తానన్నారు. ఆయన తిన్నవి రెండు టిఫిన్లు, మూడు భోజనాలు, ఒక డబ్బాకు 10 రూపాయలు. చాయ్ ఆయన తాగలేదు. పైగా మిగతావాళ్లు తాగిన చాయ్‌లలో రెంటికి తన జేబులోంచి డబ్బిచ్చారు కాబట్టి ఆ రెంటి ధర ఆయన వాటాలోంచి తీసేయాలి. వాటా 2ట + 3భ − 2చ + 10. మిగతా ఇద్దరూ కట్టవలసింది ఎంత?

(6ట + 7భ + 11చ + 30) − (2ట + 3భ − 2చ + 10)

బ్రాకెట్ ముందున్న మైనస్ లోపలి ప్రతి పదానికీ వర్తిస్తుంది. −1 తో లోపలి పదాలన్నిటినీ గుణిస్తున్నాం. కాబట్టి ప్రతి పదం గుర్తూ మారుతుంది:

= 6ట + 7భ + 11చ + 30 − 2ట − 3భ + 2చ − 10
= 4ట + 4భ + 13చ + 20

మొదటి పదానికి మాత్రమే గుర్తు మార్చి మిగతావాటిని వదిలేస్తే 9చ వచ్చేది, స్థిరపదం 40 అయ్యేది, భోజనాలు 10 అయ్యేవి. 13చ ఎందుకో మాటల్లోనూ చెప్పుకోవచ్చు: వెళ్లిపోతున్నవారికి రెండు చాయ్‌ల డబ్బు తగ్గించాం గనక, ఆ భారం మిగిలినవారి మీద పడింది. విలువలతో సరిచూస్తే 1065 − 330 = 735; 160 + 360 + 195 + 20 కూడా 735 రూపాయలే.

బ్రాకెట్ ముందు వేరే సంఖ్య ఉన్నా ఇదే దారి. తొందరపడి ఒకే అడుగులో చేయకండి. ముందు బ్రాకెట్లు విప్పండి, తరవాత సజాతి పదాలు కలపండి:

5(2య − 3) − 2(4య − 7)
= 10య − 15 − 8య + 14
= 2య − 1

ఇక్కడ −2 × −7 = +14 దగ్గరే ఎక్కువమంది జారతారు. య = 10 తో చూస్తే 85 − 66 = 19; 2 × 10 − 1 కూడా 19.

2.7 తొమ్మిదితో భాగించబడే తేడా

లెక్కల పుస్తకాలు రాసేవారు వాడే ఒక కిటుకు ఉంది. రెండు మొత్తాలు సరిపోలక తేడా వచ్చినప్పుడు, ఆ తేడా 9 తో నిశ్శేషంగా భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారయ్యాయేమోనని వెతుకుతారు. 85 కు బదులు 58 అని రాస్తే తేడా 27. 53 కు బదులు 35 అని రాస్తే 18. ఎప్పుడూ ఇలాగే ఎందుకు జరుగుతుంది?

రెండంకెల సంఖ్యలో పదుల స్థానంలో క, ఒకట్ల స్థానంలో య ఉన్నాయనుకుందాం. సంఖ్య విలువ కయ కాదు (అది లబ్ధం), 10క + య. తారుమారైతే 10య + క. తేడా:

(10క + య) − (10య + క)
= 10క + య − 10య − క
= 9క − 9య
= 9(క − య)

క, య ఏ అంకెలైనా బయట 9 ఉంటుంది. ఉదాహరణలు వంద చూసినా కలగని నమ్మకం మూడు వరసల సూక్ష్మీకరణతో కలుగుతుంది. అయితే ఇది ఒక దిశలోనే పనిచేస్తుంది. అంకెలు తారుమారైతే తేడా 9 గుణిజం అవుతుంది. తేడా 9 గుణిజమైతే అంకెలు తారుమారయ్యాయని మాత్రం రుజువు కాదు. 18 రూపాయల పద్దు అసలు రాయడమే మరిచిపోయి ఉండవచ్చు.

2.8 మీ అవగాహనను సరిచూసుకోండి

కింది వాటిని పుస్తకం మూసి చేయండి. ఒక్కోదానికి మీకు నచ్చిన విలువ వేసి సరిచూశాకే జవాబులు చూడండి.

(1) 7క − 4 − క + 9
(2) 3(2య − క) − (య − 5క)
(3) య² + 3య − 2య² + య
(4) ఒక విద్యార్థి 8భ − భ = 8 అని రాశారు. భ = 90 వేసి రెండు వైపులా ఎంత వస్తుందో చూపండి.
(5) మూడంకెల సంఖ్యలో వందల స్థానంలో క, పదుల స్థానంలో చ, ఒకట్ల స్థానంలో ట ఉన్నాయి. వందల, ఒకట్ల అంకెలను తారుమారు చేస్తే వచ్చే తేడా ఎంత?

జవాబులు: (1) 6క + 5. (2) 5య + 2క. ఇక్కడ −5క కు ముందున్న మైనస్ వల్ల +5క వస్తుంది. (3) −య² + 4య. (4) ఎడమవైపు 720 − 90 = 630, కుడివైపు 8; సరైన జవాబు 7భ. (5) (100క + 10చ + ట) − (100ట + 10చ + క) = 99క − 99ట = 99(క − ట). 10చ రెండు వైపులా ఉండి కొట్టివేయబడింది, కాబట్టి మధ్య అంకె ఏదైనా తేడా మారదు: 742 − 247 = 495, 792 − 297 కూడా 495.